డైరెక్టరు గారిని లేపిందెవరు?

తామరపల్లిలో ముసలితనం అప్పటిదాకా ఓ లెక్కా డొక్కా లేకుండా సాగిపోతూ ఉండేది. ఒకరు మోకాళ్ళు పట్టేశాయనేవారు, ఒకరు నడుం లాగేస్తోందనేవారు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకునేవారు. ఇంత ముఖ్యమైన సంగతిని ముసలివాళ్ళ నోటిమాటకి వదిలెయ్యడం ప్రభుత్వానికి సబబుగా అనిపించలేదు. అందుకని వయోవృద్ధ సామర్థ్య మాపన మండలి అని ఒకటి పుట్టించింది. పుట్టీ పుట్టగానే దానికో డైరెక్టరు, డైరెక్టరుకో కారు, కారు ముందు తగిలించడానికో బోర్డు, అన్నీ చకచకా అమిరిపోయాయి. ఇక కొలవడానికి ముసలివాళ్ళే తరువాయి.

ఈ కబురు పేర్రాజుకి మాణిక్యాంబ అరుగు మీద దిబ్బరొట్టె తింటుండగా తెలిసింది. పేర్రాజు తాలూకా కచేరీలో జవానుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక పొద్దుటి ఫలహారం పక్కింటి మాణిక్యాంబ దగ్గరే. ఆవిడ అతనికంటే నాలుగైదేళ్ళు పెద్ద. మనిషి పొట్టి, గొంతు గట్టి. తెల్లారేసరికి నేలమీద పీటేసుకుని కూర్చుని, బొగ్గుల కుంపటి మీద మూకుడు పెట్టి, మూత మీద కూడా నిప్పులేసి, అడుగూ పైనా ఎర్రగా కాలిన రొట్టెలు తీస్తుంది. వీధి వీధంతా అక్కడే తింటుంది. ఆవిడ బతుకుతెరువూ ఆ కుంపటే, ఆవిడ కబుర్లూ కోపాలూ పంచాయితీలూ అన్నీ ఆ కుంపటి చుట్టూనే. పీట మీంచి లేచేటప్పుడు ఎక్కడా చెయ్యి ఆన్చదు. చేతిలో నిప్పుల మూత ఉంటే ఆన్చడానికి చెయ్యెక్కడిది?

శిబిరం కళ్యాణ మండపంలో పెట్టారు. పరీక్షల్లో అసలైనది కుర్చీ పరీక్ష. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి లేవాలి, కూర్చోవాలి, మళ్ళీ లేవాలి. ఆ కుర్చీ ఎంత ఎత్తుండాలో, వీపు దగ్గర ఎంత వాలు ఉండాలో అన్నీ నిబంధనావళిలో రాసిపెట్టారు. ఆ కొలతలతో ఒక ప్రామాణిక కుర్చీ చేయించారు కూడా. కాకపోతే అది ప్రామాణికం గనుక, వాడితే అరిగిపోతుందని ప్రధాన కార్యాలయంలో గుడ్డ కప్పి భద్రంగా ఉంచారు. తామరపల్లిలో దొరికిన కుర్చీ పెళ్ళికొడుకుది. ఎర్ర మఖమలు గుడ్డ, చేతుల దగ్గర సింహాల తలకాయలు, కూర్చుంటే మనిషి సగం లోపలికి దిగిపోయే మెత్త.

మదింపు అధికారి పేరు హైమవతి. చిన్నపిల్ల, బుద్ధిగా చదువుకున్న పిల్ల. మెళ్ళో స్టాప్‌వాచీ వేలాడుతూ ఉండేది. అది మెళ్ళో పడ్డప్పటి నుంచీ ఎదటి మనిషి కాస్త కదిలితే చాలు, ఆమె బొటనవేలు దాని మీద పడేది. శిక్షణలో ఆమెకి నేర్పిన మొదటి పాఠం, పరీక్షలో ఉన్న మనిషికి చెయ్యి అందించకూడదని. చెయ్యి అందిస్తే కొలత చెడిపోతుందట. మనిషి పడిపోతే అని ఎవరో అడిగితే, అది వేరే విభాగం చూసుకుంటుందని చెప్పారట.

పేర్రాజు కర్ర పక్కన పెట్టి ఆ కుర్చీలో దిగబడ్డాడు. దిగబడగానే అతనికి ఒక సంగతి తెలిసిపోయింది, ఇందులోంచి తను లేవడం వల్లకాదని. ఆ మాటే చెబుదామని నోరు తెరవబోతుంటే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. డైరెక్టరు గజపతిరావు గారు తనిఖీకి వచ్చారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అధికారి గది బయట స్టూలు మీద కూర్చున్న ఒళ్ళది. బూట్ల చప్పుడు వినపడగానే పేర్రాజుని అడక్కుండానే అది లేచి నించుంది. డైరెక్టరు గారికి ఫోనొచ్చింది, బయటికెళ్ళారు. పేర్రాజు కూలబడ్డాడు. ఆయన లోపలికొచ్చారు, ఇతను లేచాడు. మళ్ళీ ఫోనొచ్చింది. ఆ పూట డైరెక్టరు గారికి ఫోన్లు విపరీతంగా వచ్చాయి. హైమవతి వాచీ నొక్కుతూ నొక్కుతూ నోరెళ్ళబెట్టింది. జిల్లాలో అన్ని మార్కులు ఇంకెవరికీ రాలేదు.

పేర్రాజుకి పూర్ణ సమర్థుడని కార్డిచ్చారు. పూర్ణ సమర్థుడి దగ్గర కర్ర ఉండటం అనవసర ఉపకరణం కిందికి వస్తుంది గనుక కర్ర తీసేసుకున్నారు. ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని ఆటో ఎక్కిస్తే ఇంటికొచ్చి పడ్డాడు. ఆ తర్వాత మంచం దిగడానికి గోడలు పట్టుకోవలసి వచ్చింది. అయినా ఆ కార్డుని గోడకి తగిలించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ తనని దేన్లోనూ మొదటివాడు అనలేదు పాపం. వచ్చినవాళ్ళకల్లా మంచంలోంచే వేలెత్తి చూపించేవాడు.

మాణిక్యాంబ పరీక్ష మాత్రం దారి తప్పింది. ఆవిడకి కుర్చీ అలవాటు లేదు. అటకెక్కినట్టు ఆ సింహాసనం ఎక్కి, ఎక్కడ కూర్చున్నా కూర్చునేట్టే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాళ్ళు నేల మీద పెట్టాలమ్మా అంది హైమవతి. పెడదామని చాపితే అవి నేలకి అందలేదు. ఆ నేలేదో కాస్త పైకి జరపమని మాణిక్యాంబ సలహా ఇచ్చింది. నిబంధనావళిలో అందుకు వీల్లేదు. చూసి చూసి విసుగెత్తి, రొట్టెల పిండి పులిసిపోతోందంటూ ఆవిడ పక్కనుంచి ఒక్క దూకు దూకి, కొంగు బిగించుకుని ఇంటికి వెళ్ళిపోయింది. దూకడానికి మార్కుల్లేవు. లేవడం జరగలేదు గనుక హైమవతి సున్నా వేసింది.

సున్నాతో ఆగిపోతే బాగానే ఉండేది. మండలి వారి దగ్గర అనుబంధ పట్టిక అని ఒకటుంది. ప్రతి పనీ విడివిడిగా కొలవాలంటే సిబ్బంది చాలరు గనుక, ఒక్క పనిని బట్టి మిగతావి తేల్చేసే పద్ధతి అది. లేవలేనివారు నడవలేరు. నడవలేనివారు నీళ్ళు తెచ్చుకోలేరు. నీళ్ళు తెచ్చుకోలేనివారు వండుకోలేరు. వండుకోలేనివారి దగ్గర నిప్పుండటం ప్రమాదకరం.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గారూ హైమవతీ లక్క, దారం, ముద్ర పట్టుకుని మాణిక్యాంబ గుమ్మంలో దిగారు. ఆవిడ పీట మీంచి లేచి ఎదురొచ్చి, చాప పరిచి, ఇంత పొద్దున్నే ఏం తిని ఉంటారని చెరో రొట్టె పెట్టింది. డైరెక్టరు గారు మర్యాదస్తులు, కాదనలేదు. నించునే రెండోది కూడా పుచ్చుకున్నారు. చెయ్యి కడుక్కున్నాక, ఈ రొట్టెలు చేసిందెవరని విచారించారు.

"నేనే బాబూ, ఇంకెవరున్నారిక్కడ?"

డైరెక్టరు గారు పట్టిక చూశారు. ఆవిడ వంక జాలిగా చూశారు.

"సదరు వృద్ధురాలు వంట చేయలేని స్థితిలో ఉన్నట్టు నిర్ధారణ అయి ఉన్నది. కావున సదరు రొట్టెలు గుర్తు తెలియని వ్యక్తులు చేసినట్టుగా భావించవలసి ఉన్నది. రాసుకోమ్మా," అన్నారు హైమవతితో.

హైమవతి రాసుకుంది. రాస్తూ ఒకసారి మాణిక్యాంబ వంక చూసి తల దించుకుంది. కుంపటిలో నిప్పులు ఆర్పించి, చుట్టూ దారం కట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. లక్క కరిగించడానికి నిప్పు, ఆర్పే ముందే ఆ కుంపట్లోంచే తీసి పెట్టుకున్నారు. ఇంకో కుంపటి తెచ్చి ముట్టించారో, అది సామర్థ్య ఉల్లంఘన అవుతుందని హెచ్చరించారు. అంటే చెయ్యలేరని ప్రభుత్వం తేల్చిన పనిని చెయ్యడం. మొదటి తప్పుకి మందలింపు, రెండో తప్పుకి మండలి వారి సంరక్షణ గృహం.

వెళ్తూ వెళ్తూ వీధిలో పూర్ణ సమర్థుడు ఉండగా ఈవిడకి కొరతేమిటని పేర్రాజుని ఆవిడకి సమర్థ మిత్రుడిగా నియమించారు. ఇకమీదట ఆవిడకి వండిపెట్టడం, నీళ్ళు మోయడం, చెయ్యి పట్టుకుని నడిపించడం అతని విధి.

పేర్రాజు గోడలు పట్టుకుంటూ తన వంటింట్లోకి వెళ్ళి, ఆవిడ తన అరుగు మీంచి అరుస్తూ చెబుతుంటే గ్యాసు స్టవ్వు మీద రొట్టె వేశాడు. పైన పచ్చి, కింద బొగ్గు. దాన్ని పళ్ళెంలో పెట్టుకుని ఇద్దరూ చాలాసేపు చూశారు. కుక్కకి వేస్తే అది వాసన చూసి, మొహమాటపడి వెళ్ళిపోయింది. నీళ్ళ బిందె ఆవిడే మోసింది, వీధి మొగలో ఎవరైనా కనబడగానే బిందె అతని చంకలో పెట్టేసేది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, పొద్దున్న పూట ఆ అరుగు చూస్తే పేర్రాజుకి ప్రాణం చివుక్కుమనేది. ముద్ర వేసిన కుంపటి పక్కన మాణిక్యాంబ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులు ఖాళీగా ఉండటం అతనెప్పుడూ చూడలేదు. అలవాటుగా వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు. ఆవిడ ఎవర్నీ కేకలెయ్యడం కూడా మానేసింది. పేర్రాజుకి గోడ మీది కార్డు మొహం చూడాలంటే సిగ్గేసింది.

అప్పీలు చేద్దాం అక్కా అన్నాడు. చేశారు. విచారణకి రమ్మన్న రోజున ఆవిడ అతన్ని భుజం మీద ఆనించుకుని కార్యాలయానికి నడిపించుకెళ్ళింది. దారిలో చూసినవాళ్ళు, ఆ వయసులో పేర్రాజు ముసలావిణ్ణి ఎంత ఓపిగ్గా నడిపిస్తున్నాడో అని మెచ్చుకున్నారు.

డైరెక్టరు గారు కాగితం చూసి, అప్పీలుదారు స్వయంగా హాజరు కావాలి గదా అన్నారు.

"వచ్చిందండి. ఇదిగోనండి," అని పేర్రాజు పక్కకి జరిగాడు.

డైరెక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని పట్టిక తిరగేశారు.

"లేవలేనివారు నడవలేరు. నడవలేనివారు కార్యాలయానికి రాలేరు. కావున అప్పీలుదారు హాజరు కాలేదు. గైర్హాజరు కారణంగా అప్పీలు కొట్టివేయడమైనది."

"మరి నేనెవర్ని బాబూ?" అంది మాణిక్యాంబ.

ఆ సంగతి మండలి పరిధిలోకి రాదని ఆయన చాలా మృదువుగా చెప్పారు. తర్వాతి వారిని పిలవమన్నారు.

కొన్నాళ్ళకి మండలి వారు సామర్థ్యోత్సవం తలపెట్టారు. కళ్యాణ మండపానికి మామిడాకుల తోరణాలు కట్టారు. సన్నాయి మేళం పెట్టారు. సమర్థులకి నేల మీద అరిటాకుల్లో బంతి భోజనం. అసమర్థులు నేల మీద కూర్చుంటే లేవలేరు గనుక వాళ్ళకి గోడ వారగా కుర్చీలు వేశారు. మాణిక్యాంబ కుర్చీలో బాసింపట్టు వేసుకుని, అసమర్థుల గుర్తుగా మెళ్ళో వేసిన ఆకుపచ్చ రిబ్బను వంక అసహ్యంగా చూసుకుంటూ కూర్చుంది.

డైరెక్టరు గారు పట్టుపంచె కట్టుకొచ్చారు. నేల మీద కూర్చుని తినడం మన సంస్కృతి అనీ, సంస్కృతిలోనే సామర్థ్యం ఉందనీ ఉపన్యసించి, ఫోటోగ్రాఫర్లు చూస్తుండగా పేర్రాజు పక్కన కూర్చున్నారు. ఇద్దరూ పప్పూ, పనసపొట్టు కూరా, పులుసూ, బూరెలూ, పెరుగూ సుష్టుగా తిన్నారు. బంతి లేచింది. అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. డైరెక్టరు గారు లేవలేదు. పక్కనున్న పేర్రాజు కూడా లేవలేదు.

మొదట ఆయన చిరునవ్వు నవ్వారు. తర్వాత ఎడం చెయ్యి నేలకి ఆన్చి ఒక ప్రయత్నం చేశారు. అలవాటు చొప్పున హైమవతి వేలు వాచీ మీద పడింది. రెండో ప్రయత్నంలో పంచె కుచ్చెళ్ళు కాలికింద పడ్డాయి. మండలి సిబ్బంది చుట్టూ చేరారు గానీ, మొదటి పాఠం గుర్తుపెట్టుకుని చేతులు వెనక్కి కట్టుకున్నారు. శ్వాస గట్టిగా తీసుకోండి సార్, కుడికాలు ముందుకు సార్, అంటూ నోటితో మాత్రం శాయశక్తులా సాయపడ్డారు. కుడిచేతికి పెరుగు ఎండిపోయింది. సన్నాయి వాళ్ళు ఇలాంటప్పుడు ఏం వాయించాలో తోచక మంగళం అందుకున్నారు.

మాణిక్యాంబ అంతవరకూ ఓపిక పట్టింది. చుట్టూ ఇంతమంది ఉండి ఒక మనిషిని లేపరేమని విసుక్కుంటూ కుర్చీలోంచి దూకింది. కొంగు దోపింది. డైరెక్టరు గారి చంకల కింద చేతులు వేసి, మినప్పిండి గిన్నె ఎత్తినట్టు ఒక్క ఎత్తు ఎత్తి నిలబెట్టింది. కుచ్చెళ్ళు సర్దుకోమని చెప్పి, అటు తిరిగి పేర్రాజుని కూడా లేపింది. ఫోటోలు టపటపా పడ్డాయి. మర్నాడు పొద్దున్నే పేపర్లో వచ్చింది, డైరెక్టరు గారి మొహం, దాని కింద మాణిక్యాంబ చేతులు, ఆకుపచ్చ రిబ్బనుతో సహా.

చిక్కంతా అక్కణ్ణించి మొదలైంది. డైరెక్టరు గారికి రిటైర్మెంటు దగ్గర పడింది, పొడిగింపు కావాలి. పొడిగింపు కావలసిన అధికారులకి సామర్థ్య పరీక్ష తప్పనిసరని అంతకుముందే ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు రాసింది ఆయనే. హైమవతి వాచీలో ఆయన లేవని సమయమంతా నమోదైపోయింది. చెరిపెయ్యమంటే, చెరపడం తెలీదు సార్, నొక్కడమే నేర్పారు అంది. పట్టిక ప్రకారం లేవలేనివారు నడవలేరు, నడవలేనివారు కార్యాలయానికి రాలేరు, రానివారు సంతకం పెట్టలేరు.

ఆలోచించగా ఆలోచించగా ఆయనకి ఒక మార్గం తట్టింది. పెద్దలకి చెయ్యి అందించి లేపడం మర్యాద. మర్యాద స్వీకరించడం అసమర్థత కాదు. అయితే లేపినవారు సమర్థులై ఉండాలి, లేకపోతే అది మర్యాద కిందికి రాదు. మండపంలో పక్కనే పూర్ణ సమర్థుడు ఒకడున్నాడు. హైమవతిని కూడా ఎక్కించుకుని కారు పేర్రాజు ఇంటిముందు ఆగింది.

పేర్రాజు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బూట్ల చప్పుడు వినపడింది. మోకాళ్ళు ఉలిక్కిపడ్డాయి. లేవడానికి ఒళ్ళు ముందుకి ఊగింది కూడా. సరిగ్గా అప్పుడే పిట్టగోడ అవతల మాణిక్యాంబ కనబడింది, చల్లారిన కుంపటి పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పేర్రాజు రెండు చేతులతోనూ మంచంకోడు గట్టిగా పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. అధికారి ఎదురుగా నిలబడి ఉండగా అతను కూర్చుని ఉండటం జన్మలో అదే మొదటిసారి.

డైరెక్టరు గారు విషయం చెప్పారు. తనని లేపింది పేర్రాజేనని ఒక్క మాట చెబితే చాలు, సామర్థ్య రత్న బిరుదిప్పిస్తామన్నారు. ఫోటోలో మాణిక్యాంబ ఉంది కదండీ అని పేర్రాజు సందేహం వెలిబుచ్చాడు. ఆవిడ లేవలేదు గనుక ఫోటోలో ఉండటం అసంభవమని ఆయన తేల్చేశారు.

పేర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"బాబుగారూ, నేను లేవలేనండి."

డైరెక్టరు గారు అదేదో వినయం అనుకుని నవ్వారు.

"నిజమేనండి. చాలా ఏళ్ళుగా ఇంతేనండి. ఆ రోజు మండపంలో లేచింది నేను కాదండి, నా నౌకరీ అండి. అదయిపోయిందండి ఇంక. నన్నే రోజూ మా అక్క లేపుతుంది, నేను తమర్నెలా లేపుతానండి?"

హైమవతి వేలు అప్పటికే వాచీ మీద ఉంది. పేర్రాజు లేస్తాడేమోనని ఆమె కాసేపు చూసింది. లేవలేదు. మంచంకోడు వదల్లేదు. ఆమె వాచీ చూసుకుని, పట్టిక చూసుకుని, చాలా వినయంగా చెప్పింది.

"సార్, ఈయన కూడా లేవలేని వారే. అంటే తమర్ని సమర్థులెవ్వరూ లేపలేదు. తమంతట తమరు లేచినట్టు వాచీలో లేదు. రికార్డు ప్రకారం తమరింకా మండపంలోనే కూర్చుని ఉన్నారు సార్."

డైరెక్టరు గారు ఒకసారి కిందికి, తన కాళ్ళ వంక చూసుకున్నారు. తర్వాత ఆయన పిట్టగోడ అవతలికి చూశారు. ఇక ఉన్నది ఆవిడ ఒక్కర్తే.

ఉత్తర్వు అక్కడే, పేర్రాజు మంచం మీద పెట్టి రాశారు. సదరు మాణిక్యాంబ ఉత్సవానికి ముందు తేదీ నుంచే పూర్ణ సమర్థురాలు. సున్నా అనేది కుర్చీకి సంబంధించినదే తప్ప ఆవిడకి సంబంధించినది కాదు. లక్క ముద్ర డైరెక్టరు గారే స్వయంగా పగలగొట్టారు. కారు డిక్కీలోంచి హైమవతి పేర్రాజు కర్ర తెచ్చి మంచానికి ఆనించింది. అతను కర్ర తడుముకుని చూసుకుని, లోపల గోడ మీది కార్డు తీసుకుపొమ్మని ఆమెకి వేలెత్తి చూపించాడు.

మాణిక్యాంబ ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. బొగ్గులేసింది. విసనకర్ర పుచ్చుకుంది. నిప్పు రాజుకోగానే మాత్రం గొంతు లేచింది. వీధిలో పోయేవాళ్ళని పేరుపేరునా పిలిచి ఇన్నాళ్ళూ ఏ గడ్డి తిన్నారని కడిగిపారేసింది. వీధి మొహం వికసించింది. రొట్టె వాసన రాగానే డైరెక్టరు గారి అడుగులు కారు దగ్గర ఆగిపోయాయి. రండి బాబూ కూర్చోండి అని ఆవిడ పీట వేసింది. ఆయన పీట వంక చూసి, నించునే తింటానన్నారు.

అందరికంటే ముందు రొట్టె పట్టుకుని ఆవిడ పేర్రాజు వాకిట్లోకి వచ్చింది. పేర్రాజు కర్ర నేలకి ఆన్చి, పళ్ళు బిగబట్టి, మెల్లగా లేవసాగాడు. హైమవతి వేలు వాచీ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆమె వాచీ మెళ్ళోంచి తీసి సంచిలో పడేసి, ముందుకొచ్చి, అతనికి చెయ్యి అందించింది.

పేర్రాజు లేచి నిలబడ్డాడు. ఎవరొచ్చారని లేచావురా, నేనే గదా అని మాణిక్యాంబ కసిరింది.

"నువ్వొచ్చావనే అక్కా," అన్నాడు.

ఆవిడ కొంగుతో కళ్ళు వత్తుకుని, పొగ అంది. రొట్టె చల్లారిపోతుంది కూర్చోమంది.